మనవడి కోసం మా వాకింగ్ గ్రూపువాళ్లు వేసుకున్న 38,500 రూపాయలు అమెరికా పంపొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

ఎంవీపీ_టీచరమ్మ
9 జూన్ 2025

అందరికీ నమస్కారం. నేను లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యాను, మాది ఎంవీపీ కాలనీ. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి, ఎందుకంటే ఇది ఎవర్ని అడగాలో తెలీట్లేదు, ఇంట్లో అడిగితే తలో మాట చెప్తున్నారు.

మా అమ్మాయీ అల్లుడూ పెన్సిల్వేనియాలో బక్స్ కౌంటీ అనే చోట ఉంటారు. ఇద్దరూ హెచ్‌1బీ మీదే, గ్రీన్ కార్డు లైన్లో ఎన్నేళ్ల నుంచో ఉన్నారు. మా మనవడు 26 వారాలకే పుట్టేశాడు, ఊపిరితిత్తులు పూర్తిగా తయారవలేదు. ఇప్పుడు మూడేళ్లు దాటాయి. వీడియో కాల్లో నన్ను చూస్తే చప్పట్లు కొడతాడు, నవ్వుతాడు, గొంతు మాత్రం బయటికి రాదు, మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు, రాత్రిళ్లు వెంటిలేటర్ మీద ఉంచుతారు. రాత్రి పదింటికి ఒక నర్సు వస్తుంది, పొద్దున్న ఆరింటికి వెళ్తుంది. ఆ ఎనిమిది గంటలే మా అమ్మాయి కన్ను మూసేది. నేను అక్కడ ఆరు నెలలు ఉన్నప్పుడు సక్షన్ పెట్టడం, అంటే గొట్టంలోని కఫాన్ని మెషీన్‌తో లాగేయడం నేర్చుకున్నాను, గొట్టంలో కఫం అడ్డుపడితే మెషీన్ కూత పెడుతుంది, అప్పుడు నిద్రమత్తులో ఒక్క నిమిషం ఆలస్యం చేసినా పిల్లాడి పెదాలు నీలంగా అయిపోతాయి. విశాఖ తిరిగొచ్చి ఇన్నాళ్లయినా రాత్రిపూట ఎక్కడ ఏ కూత వినపడినా లేచి కూర్చుంటున్నాను.

ఆ నర్సుకి డబ్బిచ్చేది మెడికెయిడ్, అంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. వాళ్ల ఆఫీసు ఇన్సూరెన్సులో ఇంటికొచ్చే నర్సు లేదు. పిల్లాడు అక్కడే పుట్టాడు కాబట్టి సిటిజన్, పైగా ఆ రాష్ట్రంలో పీహెచ్ 95 అని ఒక కేటగిరీ ఉంది, వైకల్యం ఉన్న పిల్లలకి తల్లిదండ్రుల జీతం చూడకుండా మెడికెయిడ్ ఇస్తారు. అది లేకపోతే ఇద్దరి జీతాలూ నర్సుకే చాలవు.

ఇప్పుడు ఆ మెడికెయిడ్ డబ్బులకి కోత పెట్టే పెద్ద బిల్లు మే 22న వాళ్ల కింది సభలో 215–214 ఓట్లతో పాసైంది. ఒక్క ఓటు. మా అమ్మాయి వాళ్ల ఏరియా సభ్యుడు కూడా అవుననే వేశాడంట. ఇప్పుడది సెనేట్‌కి వెళ్లింది. అప్పట్నుంచి మా అమ్మాయికి ఫ్రెండ్స్ నుంచి మెయిళ్లు, మెసేజీలు, 5 డాలర్లు ఇవ్వండి, 20 డాలర్లు ఇవ్వండి, ఈ బిల్లుని ఆపుదాం అని. తను నాకు పంపిస్తుంది. నేను శివాజీ పార్కులో పొద్దున్నే నడిచే మా ఆడవాళ్ల గ్రూపులో ఒకరోజు ఈ మాట చెప్పి ఏడ్చేశాను. నేను అడగలేదండీ, వాళ్లే వేసుకున్నారు, 27 మంది. పెన్షన్ మీద బతికే ఆవిడ కూడా 500 ఇచ్చింది, ఇడ్లీ బండి పెట్టుకునే అమ్మాయి 200 ఇచ్చింది. మొత్తం 38,500 అయింది, నా అకౌంట్లో ఉంది, ఎవరెంత ఇచ్చారో నోటుబుక్కులో రాసుకున్నాను.

ఇది మా అమ్మాయి అకౌంటుకి పంపిస్తే తను కార్డు మీద కట్టేస్తుంది కదా అని మావారంటారు. మా తమ్ముడేమో వద్దు, వీసాకి ఇబ్బందవుతుంది అంటాడు. ఏది నిజం? పంపితే ఎవరికి పంపాలి? అసలు ఆ డబ్బుతో ఒక బిల్లు ఎలా ఆగుతుంది?


గాజువాక_టు_ఎడిసన్
9 జూన్ 2025

టీచరమ్మగారూ నమస్తే అండీ. నేను గాజువాకలో పుట్టి పెరిగినోణ్ణి, ఇరవై రెండేళ్లుగా ఇక్కడ న్యూజెర్సీలో ఉంటున్నా, సిటిజన్‌ని. మీ తమ్ముడుగారు చెప్పిందే రైటు, దయచేసి ఆ డబ్బు పంపకండి. మీ మంచితనాన్ని కాదనట్లేదు, చట్టం అలా ఉంది.

ఇక్కడ ఎన్నికల్లో పోటీ చేసేవాళ్లకి గాని, పార్టీలకి గాని, వాళ్ల కమిటీలకి గాని సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు మాత్రమే ఇవ్వాలి. హెచ్‌1బీ వాళ్లు ఇవ్వకూడదు, అంటే మీ అమ్మాయీ అల్లుడూ సొంత జీతంలోంచి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. మీరు పంపితే తను కట్టడం ఇంకా పెద్ద తప్పు, ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం అని దానికి వేరే నిషేధం ఉంది. డొనేషన్ పేజీలో ఒక చిన్న పెట్టె ఉంటుంది టిక్ పెట్టడానికి, ఇది నా సొంత డబ్బు, నాకు ఎవరూ తిరిగి ఇవ్వరు, నేను సిటిజన్ లేదా గ్రీన్ కార్డు అని. దాని మీద టిక్ పెట్టడమంటే సంతకం పెట్టినట్టే. గ్రీన్ కార్డు లైన్లో ఉన్న మనిషి అలాంటి చోట అబద్ధం సంతకం పెట్టకూడదండీ. బాబు సిటిజన్ కదా వాడి పేరు మీద కడదాం అని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు, అదీ కుదరదు, మైనర్ ఇవ్వాలంటే అది వాడి సొంత డబ్బు అయ్యుండాలి, వాడంతట వాడు తెలిసి ఇచ్చిందై ఉండాలి.

ఇక మీ ఆఖరి ప్రశ్న, డబ్బుతో బిల్లు ఎలా ఆగుతుంది అని. అది చాలా మంచి ప్రశ్న, ఇక్కడ పుట్టినవాళ్లు కూడా అడగరు. ఓటు పడకముందు ఇచ్చే డబ్బు వేరు, పడ్డాక ఇచ్చే డబ్బు వేరు. పడకముందు ఇచ్చేది హక్కుల సంఘాలకి వెళ్తుంది, వాళ్లు యాడ్స్ వేస్తారు, దూరపు ఊళ్ల నుంచి కూడా వీల్‌చైర్లలో ఉన్నవాళ్లని బస్సులెక్కించి రాజధానికి తీసుకెళ్తారు, సభ్యుల నియోజకవర్గాల్లో మీటింగులు పెడతారు. పడ్డాక ఇచ్చేది, అవునని ఓటేసినవాడి మీద వచ్చే ఎన్నికల్లో ఎవరు నిలబడితే వాళ్లకి. ఇది భయపెట్టే డబ్బన్నమాట, ఇంకా అభ్యర్థి ఎవరో కూడా తేలకుండానే జనం వేసేస్తారు.

2017లో నేను కళ్లారా చూశాను. ఒబామా తెచ్చిన హెల్త్ చట్టాన్ని తీసేసే బిల్లు ఆ ఏడాది మే 4న 217–213తో కింది సభలో పాసైంది. ఆ రాత్రే అవునన్న సభ్యులందరి మీదా రాబోయే ప్రత్యర్థుల కోసం యాక్ట్‌బ్లూ అనే ఆన్‌లైన్ చందాల ప్లాట్‌ఫాం మీద లక్షల డాలర్లు పడిపోయాయి, అన్నీ చిన్న చిన్న మొత్తాలే. అదే టైంలో మీ మనవడిలాంటి పిల్లల తల్లిదండ్రులు లిటిల్ లాబీయిస్ట్స్ అని ఒక గ్రూపు కట్టి గొట్టాలతో, మెషీన్లతో పిల్లల్ని ఎత్తుకుని సెనేటర్ల ఆఫీసుల గడప తొక్కారు. జూన్ 22న అడాప్ట్ అనే వికలాంగుల సంఘంవాళ్లు సెనేట్ మెజారిటీ నాయకుడి ఆఫీసు ముందు పడుకుంటే పోలీసులు వీల్‌చైర్లలోంచి ఎత్తుకుపోయారు, అది దేశమంతా టీవీలో చూసింది. జూలై 28 తెల్లవారుజామున సెనేట్‌లో 49–51తో బిల్లు పడిపోయింది. సొంత పార్టీవాళ్లే ముగ్గురు, కాలిన్స్, మర్కౌస్కీ, మెకెయిన్, కాదన్నారు. మెకెయిన్ బొటనవేలు కిందకి చూపించిన ఆ నిమిషం నేను మా హాల్లో నిలబడి ఏడ్చాను. ఆ ముగ్గురినీ కదిలించింది డబ్బేనని నేను చెప్పను. పిల్లల్ని చూశారు, ఫోన్లు ఆగలేదు, డబ్బు కూడా వెనకాల నిలబడింది, మూడూ కలిసే పనిచేశాయి.

మీ డబ్బు ఎవరిది వాళ్లకి ఇచ్చేయండి అమ్మా. మీ అమ్మాయి చేయగలిగేది చాలా ఉంది, ఇప్పుడు డ్యూటీకి టైమయింది, రేపు రాస్తాను.


మువ్వలవానిపాలెం_బ్యాంకర్
9 జూన్ 2025

పైన ఆయన అమెరికా చట్టం చెప్పారు, నేను మన వైపు సంగతి చెప్తాను, ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో చేశాను. విదేశాలకి డబ్బు పంపుకోవడానికి మన రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ అనే స్కీము కింద ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు, గిఫ్టూ డొనేషనూ రెండూ అందులో వస్తాయి. కాబట్టి కౌంటర్లో మిమ్మల్ని ఎవరూ ఆపరు. ఆపలేదు కదా అని అక్కడ చెల్లుతుందనుకోవద్దు. ఇంకోటి, అలా పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఏ2 ఫారం మీద ఈ డబ్బు నాదే అని డిక్లరేషన్ ఇవ్వాలి మేడమ్, 27 మంది డబ్బు మీ అకౌంట్లో పోగేసి మీదని రాయడం సరికాదు. మీ నోటుబుక్కు జాగ్రత్తగా ఉంచండి, తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరిదీ యూపీఐలోనే పంపండి, చేతికి ఇవ్వొద్దు, రేపు ఎవరైనా అడిగితే లెక్క కనపడాలి.


అక్కయ్యపాలెం_శ్రీను
10 జూన్ 2025

మేడమ్ మీ బాధ నాకు అర్థమవుతుంది, నాకూ చిన్న పిల్లలున్నారు. కానీ ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. అది వాళ్ల దేశం, వాళ్ల పన్నుల డబ్బు, వాళ్ల బిల్లు. మనం ఇక్కడ కూర్చుని ఎందుకు వేలు పెట్టాలి? రేపు వేరే దేశమోళ్లు మన అసెంబ్లీలో బిల్లు మీద డబ్బులు పంపితే మనం ఒప్పుకుంటామా? ఆ బిల్లు తెచ్చినోళ్లు కూడా ఏదో కారణం చెప్తున్నారు కదా, పని చేయగలిగి కూడా చేయనోళ్లకి ఇవ్వం, నెలకి 80 గంటలు పని చూపించమంటాం, దుబారా తగ్గిస్తాం అని. అది పూర్తిగా తప్పు అని నేననలేను.

మా బంధువులు చాలామంది అక్కడున్నారు, వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ బిల్లు గురించి రోజూ మాటలే, కానీ అన్నీ రెమిటెన్స్ టాక్స్ గురించే, ఇండియాకి పంపే డబ్బు మీద 3.5 శాతం వేస్తారంట అని. మెడికెయిడ్ అన్న మాట నేను మీ పోస్టులోనే మొదటిసారి చూశాను.


గాజువాక_టు_ఎడిసన్
10 జూన్ 2025

శ్రీనుగారూ మీ మొదటి ప్రశ్న న్యాయమైనదే, బయటి డబ్బు వద్దన్న చట్టం వచ్చింది కూడా అందుకే, దాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ టీచరమ్మగారి కూతురు బయటిమనిషి కాదండీ. అక్కడే ఉంటుంది, అక్కడే పన్ను కడుతుంది, కొడుకు అక్కడి పౌరుడు. ఓటు లేదు, ఎన్నికల డొనేషన్ ఇవ్వకూడదు, అంతే. తన సభ్యుడికి ఫోన్ చేయొచ్చు, ఉత్తరం రాయొచ్చు, ఆఫీసుకి వెళ్లి కూర్చోవచ్చు. వాళ్ల పార్లమెంటు భవనం కాపిటల్ స్విచ్‌బోర్డు 202-224-3121, ఎవరి ఆఫీసుకైనా కలుపుతారు. ఊరూ జిప్ కోడూ అడుగుతారు, వీసా అడగరు. ప్రచారాల్లో జీతం లేకుండా వాలంటీర్‌గా కూడా పనిచేయొచ్చు, డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలన్న నిర్ణయాల్లో మాత్రం ఉండకూడదు.

80 గంటల మాట. ఆ నిబంధన పెద్దవాళ్లకి, మూడేళ్ల పిల్లాడికి కాదు. బిల్లు వికలాంగ పిల్లల మీద నేరుగా కోత పెట్టట్లేదు, అందుకే అందరూ మాకేం కాదులే అనుకుంటున్నారు. అసలు దెబ్బ వేరే చోటుంది. మెడికెయిడ్ డబ్బు సగం పైన కేంద్రానిది, మిగతాది రాష్ట్రానిది. రాష్ట్రాలు ఆసుపత్రుల మీద ఒక రకం పన్ను వేసి తమ వాటా సమకూర్చుకుంటాయి, ఈ బిల్లు దాన్ని బిగిస్తుంది. డబ్బు తగ్గినప్పుడు రాష్ట్రం ఏం కోస్తుంది? చట్టం ఇచ్చి తీరాలన్నవాటిని కోయలేదు, తన ఇష్టం మీద ఇస్తున్నవాటి మీదే చెయ్యి పడుతుంది. పిల్లాడికి మెడికెయిడ్ ఉన్నంతకాలం నర్సుని ఇవ్వాల్సిందే, 21 ఏళ్ల లోపు వాళ్లకి అది కేంద్ర చట్టం. కానీ జీతం చూడకుండా పిల్లాడిని మెడికెయిడ్‌లోకి తీసుకునే ఆ పీహెచ్ 95 తలుపు ఉందే, అది పెన్సిల్వేనియా తనంతట తాను తెరిచి పెట్టింది. తెరిచినవాళ్లు మూయగలరు. సీబీఓ అని వాళ్ల పార్లమెంటు లెక్కల ఆఫీసు ఉంది, ఏ పార్టీదీ కాదు, కింది సభ పాస్ చేసిన బిల్లు వల్ల 2034 నాటికి 1 కోటి 9 లక్షల మంది ఇన్సూరెన్సు పోగొట్టుకుంటారని అది లెక్క వేసింది.

టీచరమ్మగారూ, ఇప్పుడు డబ్బు సంగతి. ఇవ్వగలిగినవాళ్లని పోగేయాలి. మీ అమ్మాయి అడగకూడదు అనట్లేదు గాని, డబ్బు అడిగే పని సిటిజన్ ఒకరు చేస్తే ఏ చిక్కూ ఉండదు. తను కథ చెప్పాలి, వాళ్లు అడగాలి. నేను మా ఇంట్లో చేసిన పద్ధతి చెప్తాను. గుడిలో పెట్టకండి, తెలుగు సంఘం హాల్లో పెట్టకండి, అవి చాలావరకు పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు, అభ్యర్థుల కోసం ప్రచారం వాటిలో జరగకూడదు. ఇంట్లో పెట్టుకోండి. నేను ఒక ఆదివారం పులిహోరా, గారెలూ చేసి 31 కుటుంబాలని పిలిచాను. 500 డాలర్లు ఇస్తానన్న డాక్టరుగారికి చేతులు జోడించి చెప్పాను, సార్ మీరు 20 ఇవ్వండి, ఇంకో పదిమందిని తీసుకురండి అని. ఎందుకంటే ఒక అభ్యర్థికి ఒక మనిషి ఎన్నికకి 3,500 డాలర్ల దాకా ఇవ్వొచ్చు, పెద్దవాళ్లు ఎలాగూ ఇస్తారు. కానీ 20 డాలర్లు ఇచ్చిన మనిషి ఆ రోజు నుంచీ ఆ బిల్లు తనదనుకుంటాడు, మర్నాడు ఫోన్ చేస్తాడు, పేపర్లో వార్త వెతుక్కుంటాడు, వచ్చే నెల మళ్లీ ఇస్తాడు. మీ ఇడ్లీ బండి అమ్మాయి 200 ఇచ్చాక మీ మనవడి గురించి రోజూ అడుగుతోందా లేదా?

వచ్చినవాళ్లకి ఒక జాగ్రత్త కూడా చెప్పండి. ఫోన్‌కి వచ్చే ప్రతి మెసేజీ నిజం కాదు. ఈ రాత్రిలోపు ఇస్తే ఐదు రెట్లు కలుపుతాం అన్నవాటిని నమ్మకండి. పేజీలో నెలనెలా కట్ అయ్యే పెట్టె ముందే టిక్ చేసి ఉందేమో చూసుకోండి, మాకు తెలిసిన ఒక పెద్దావిడకి 10 డాలర్లు అనుకుంటే నాలుగు నెలలు వరసగా పోయాయి, ఆవిడ మళ్లీ ఎవరికీ ఇవ్వనంది. అలా ఒక మనిషి నమ్మకం పోతే అది 40 డాలర్ల నష్టం కాదండీ.


ఉక్కునగరం_రిటైర్డ్
10 జూన్ 2025

టీచరమ్మా, నేను స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసినోణ్ణి. నాకు అమెరికా చట్టం తెల్దు గాని చందాల సంగతి తెలుసు. 2021లో ప్రైవేటీకరణ అన్నప్పుడు కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం పెట్టాం, రోజుల తరబడి, నెలల తరబడి, ఏళ్ల తరబడి నడిచింది. టెంటు, మైకు, మంచినీళ్లు, కేసులు పడితే వకీలు, ఢిల్లీకి రైలు టిక్కెట్లు, అన్నీ చందాలే. కాంట్రాక్టు కుర్రోళ్లు ఒక రోజు కూలి ఇచ్చీవోరు. ఆ ఫ్యాక్టరీ ఊరికే రాలేదమ్మా, 1966లో అమృతరావుగారు నిరాహారదీక్ష పడితే, విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రమంతా లేస్తే, 32 మంది ప్రాణాలు పోతే వచ్చింది. మా నాన్న అప్పుడు పోర్టులో కలాసీ, ఆ ఊరేగింపులో నడిచినోడే.

నేను చెప్పీదేటంటే, చందా పుస్తకం ఎప్పుడూ డబ్బు లెక్క మాత్రమే కాదు, ఎవరు నీ పక్కన ఉన్నారో ఆ పేర్ల లెక్క. ఆ 27 మందికి డబ్బు తిరిగి ఇచ్చీ గాని, ఆ నోటుబుక్కు పేజీ ఫొటో తీసి మీ అమ్మాయికి పంపు. దాన్ని తను ఎవరికీ చూపించక్కర్లేదు, రాత్రి సక్షన్ పెట్టి కూకున్నప్పుడు చూసుకుంటాది.


ఎంవీపీ_టీచరమ్మ
11 జూన్ 2025

ఉక్కునగరం అన్నయ్యగారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను, ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఫొటో పంపించాను.

ఎడిసన్ బాబూ, మీరు ఎవరో ఏమో గాని నాకు తమ్ముడిలా చెప్పారు. అవును, ఆ ఇడ్లీ అమ్మాయి రోజూ అడుగుతుంది, బాబు ఏమన్నాడు టీచరమ్మా అని. మా అమ్మాయితో మాట్లాడాను, వాళ్ల వీధిలో ఒక అమెరికన్ పెద్దావిడ ఉంది, రిటైరైన లైబ్రేరియన్, తను డబ్బు అడిగే పని నేను చూసుకుంటానందట. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగులో మా అమ్మాయి సీనియర్లు ఆ చుట్టుపక్కల నలుగురైదుగురు ఉన్నారు, అందరూ సిటిజన్లే.

కానీ సభ్యుడి ఆఫీసుకి వెళ్లి ఏం చెప్పాలి అంటే మా అమ్మాయి బిగుసుకుపోతోంది. మూడు పేజీలు రాసింది, పుట్టినప్పటి నుంచీ మొత్తం. అక్కడ పది నిమిషాలు కూడా ఇవ్వరట.


వార్డు_సిస్టర్
11 జూన్ 2025

అమ్మా నేను పిల్లల వార్డులో నర్సుని, విశాఖలోనే, పెద్ద గవర్నమెంటు ఆసుపత్రి. ఇది నేను చెప్పగలను. డ్యూటీ మారేటప్పుడు మేము తర్వాతి నర్సుకి పిల్లాడి గురించి రెండు నిమిషాల్లో అప్పగిస్తాం. అందులో బాధ ఉండదు, గంటలూ లెక్కలూ ఉంటాయి, అయినా వినేవాళ్లకి పిల్లాడు కళ్ల ముందు కనపడతాడు. మీ అమ్మాయిని అలాగే చెప్పమనండి. రాత్రికి ఎన్నిసార్లు సక్షన్ పడుతుంది. నర్సు రాని రాత్రి ఏమైంది, ఒకే ఒక రాత్రి, తారీఖుతో సహా. గొట్టం అడ్డుపడితే ఎన్ని సెకన్లలో రంగు మారుతుంది. ఇంట్లో నర్సు లేకపోతే పిల్లాడు ఉండాల్సింది ఐసీయూలో, అక్కడ ఒక్క రోజుకి ఎంత అవుతుంది, వాళ్ల పాత ఆసుపత్రి బిల్లే చేతిలో పట్టుకెళ్లమనండి. ఆ తర్వాత ఒక్కటే అడగమనండి, మీరు ఓటు మారుస్తారా అని. అడిగి ఊరుకోవాలి, మనమే మాట్లాడి వాళ్లని తప్పించేయకూడదు.

ట్రాకియాస్టమీతో, అంటే మెడ దగ్గర గొట్టంతో ఇంటికెళ్లే పిల్లలు మాకూ ఉంటారమ్మా. ఇక్కడ రాత్రి నర్సు అన్న మాటే లేదు, తల్లికి మేం నేర్పించి పంపిస్తాం, పాడేరు వైపు నుంచి, అరకు వైపు నుంచి వచ్చినవాళ్లు కరెంటు పోతే ఎలా అని అడుగుతారు, కాలితో తొక్కే సక్షన్ పంపు చూపిస్తాం. వాళ్లు తెల్లారేదాకా వంతులేసుకుని కూర్చుంటారు. అందుకే శ్రీనుగారు వేరే దేశం అన్నప్పుడు నాకు వేరే దేశంలా అనిపించలేదు, ఆ కూత ఎక్కడైనా ఒకటే.


అక్కయ్యపాలెం_శ్రీను
11 జూన్ 2025

సిస్టర్ గారు, టీచరమ్మగారు, నేను అడిగిన పద్ధతి కొంచెం మొరటుగా ఉంది. బయటి డబ్బు వద్దన్న మాట మీద నేనింకా ఉన్నా, అందరూ అదే చెప్పారు కూడా. కానీ రెమిటెన్స్ గురించి మాట్లాడే మా గ్రూపులో మీ పోస్టు పెట్టాను. మా పెద్దనాన్నగారి అబ్బాయి ఫిలడెల్ఫియా దగ్గరే ఉంటాడు, సిటిజన్. వాడు మెసేజ్ పెట్టాడు, ఆ లైబ్రేరియన్ గారి మీటింగ్ ఎప్పుడో కనుక్కోమని. మీకు పర్సనల్‌గా పంపిస్తాను.


ఎంవీపీ_టీచరమ్మ
6 జూలై 2025

అందరూ అడుగుతున్నారు, ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

బిల్లు పాసైపోయింది. ఈపాటికి మీరూ చూసే ఉంటారు. జూలై 1న సెనేట్‌లో 50–50 అయితే వైస్ ప్రెసిడెంట్ వేన్స్ ఓటుతో 51 అయింది. పెన్సిల్వేనియా సెనేటర్లిద్దరిలో ఫెటర్‌మన్ కాదన్నాడు, మెకార్మిక్ అవునన్నాడు. మెకార్మిక్ ఆఫీసుకి మా అమ్మాయి, అల్లుడు, లైబ్రేరియన్ గారు, శ్రీనుగారి అన్నయ్య, అందరూ ఫోన్లు చేశారు. తర్వాత మళ్లీ కింది సభకి వచ్చింది. జూలై 3న అక్కడ ప్రతిపక్ష నాయకుడు జెఫ్రీస్ ఎనిమిదిన్నర గంటలకి పైగా నిలబడి మాట్లాడాడు, చాలాసేపు మామూలు మనుషులు మెడికెయిడ్ గురించి రాసిన ఉత్తరాలే ఒక్కొక్కటీ చదివాడు. నేను ఇక్కడ సాయంత్రం నుంచి ఫోన్ ముందే కూర్చున్నాను, ఏదో ఒకటి మా వాడిది అవుతుందేమో అని. ఓటింగ్ మనకి అర్ధరాత్రి అయింది. 218–214. మర్నాడు సంతకం కూడా అయిపోయింది. సెనేట్ మార్చిన బిల్లు వల్ల 1 కోటి 18 లక్షల మంది ఇన్సూరెన్సు పోగొట్టుకుంటారని సీబీఓ జూన్ చివర్లో లెక్క వేసింది.

కానీ ఒకటి చెప్పాలి. ఆ 214లో మెజారిటీ పార్టీవాళ్లు ఇద్దరే ఉన్నారు. ఒకరు కెంటకీ సభ్యుడు, రెండో ఆయన ఫిట్జ్‌పాట్రిక్, బక్స్ కౌంటీ సభ్యుడు, అంటే మా అమ్మాయి వాళ్లదే. మేలో అవునన్న మనిషి జూలైలో కాదన్నాడు. జూన్ నెలలో మా అమ్మాయి పిల్లాడిని బండిలో కూర్చోబెట్టుకుని, మెషీన్ కింద అరలో పెట్టుకుని లాంగ్‌హార్న్‌లో ఉన్న వాళ్ల ఆఫీసుకి వెళ్లింది. సిస్టర్ గారు చెప్పినట్టే చెప్పింది, ఫిబ్రవరిలో మంచు పడి నర్సు రాని రాత్రి గురించి. అక్కడున్న కుర్రాడు రాసుకుంటూ రాసుకుంటూ మధ్యలో పెన్ను పక్కన పెట్టేశాడంట, అప్పుడే పిల్లాడికి సక్షన్ పెట్టాల్సి వచ్చింది. మా అమ్మాయి వల్ల ఆయన ఓటు మారిందని నేననుకోవట్లేదు, ఎంతమంది వెళ్లుంటారో, ఎన్ని వందల ఫోన్లు వెళ్లుంటాయో. అయినా ఆ పేరు పక్కన కాదు అని చూసినప్పుడు నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను.

లైబ్రేరియన్ గారింట్లో మీటింగుకి 40 మంది దాకా వచ్చారు, సగం మంది మన తెలుగువాళ్లే, అందరూ 20 డాలర్లు, 10 డాలర్లు. బిల్లు ఆగలేదు కదా అని ఎవరూ వెనక్కి తగ్గలేదు, ఎడిసన్ తమ్ముడు చెప్పిన రెండో రకం డబ్బు ఇప్పుడు మొదలవుతుంది, వచ్చే ఏడాది నవంబరులో ఎన్నికలు. 2017 బిల్లు తర్వాత 2018లో కింది సభే చేతులు మారిందని ఆయన ఫోన్లో చెప్పారు. దానికంటే ముందు ఆ పీహెచ్ 95 తలుపు మూయకుండా చూడాలి, అది రాష్ట్రం చేతిలో ఉంది కాబట్టి హారిస్‌బర్గ్ వెళ్లాలి, అక్కడ వాళ్ల రాష్ట్ర అసెంబ్లీ ఉంటుంది. మా అమ్మాయి అక్కడి తల్లుల గ్రూపులో చేరింది, సెప్టెంబరులో వెళ్తారట.

డబ్బు అందరికీ యూపీఐలో వెనక్కి పంపించాను. ఆరుగురు తీసుకోలేదు. పెన్షన్ ఆవిడ, ఇడ్లీ అమ్మాయి కూడా అందులో ఉన్నారు. ఇచ్చేశాక మళ్లీ తీసుకోవడం ఏంటి టీచరమ్మా, ఏ పిల్లాడికైనా పెట్టు అంది ఆ అమ్మాయి. 9,200 మిగిలింది. సిస్టర్ గారూ, మీ వార్డు నుంచి గొట్టంతో ఇంటికెళ్లే పిల్లలకి ఆ కాలితో తొక్కే సక్షన్ పంపు కొనిస్తే పనికొస్తుందా, లేక కరెంటుదే మంచిదా? రసీదు ఆరుగురి పేర్ల మీదా తీసుకోవాలి.


వార్డు_సిస్టర్
6 జూలై 2025

కాలితో తొక్కేదే కొనండమ్మా. అరకు లోపలి ఊరి పిల్లాడు ఒకడు ఈ వారం డిశ్చార్జి, వాళ్లింట్లో కరెంటు రాత్రి ఉండదు. నేను మంగళవారం వరకు డే డ్యూటీలో ఉంటాను, మధ్యాహ్నం రెండు దాటాక రండి, పంపు ఎలా తొక్కాలో ఆ తల్లికి మీరే చూపిద్దురు గాని.